ఆ వెల ఎవరు చెల్లిస్తారు?

ప్రపంచంలో ఎక్కడ యుద్ధం మొదలైనా మన ఇళ్ళలోనూ, ఆదివారం పూజ ముగిశాక గుడి ఆవరణలోనూ రెండు రకాల మాటలు వినబడతాయి. "ఇదంతా చమురు కోసం, పెత్తనం కోసం అగ్రరాజ్యాలు ఆడే నాటకం" అని కొందరంటారు. "అక్కడ అమాయకులను చంపుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవాలా? బలమున్నవాడు అడ్డుపడవద్దా?" అని మరికొందరు అడుగుతారు. మొదటిది పాశ్చాత్య దేశాల విదేశాంగ విధానాన్ని ఎండగట్టే వామపక్ష విమర్శకుల మాట. రెండవది మానవ హక్కుల రక్షణకు అవసరమైతే ఆయుధం పట్టవచ్చునని చెప్పే ఉదారవాదుల మాట. ఇద్దరూ న్యాయం పేరిటే మాట్లాడతారు. ఇద్దరి మాటల్లోనూ మనస్సాక్షిని తాకే సంగతి ఉంది. మరి క్రైస్తవ విశ్వాసి ఎటు నిలబడాలి?

ఈ ప్రశ్నను గాలిలో చర్చించడం వల్ల ప్రయోజనం లేదు. ఒక దేశం అనుభవాన్ని ముందు పెట్టుకుని ఆలోచిద్దాం. ఆ దేశం ఇరాక్. మన విశ్వాసానికి తండ్రియైన అబ్రహాము బయలుదేరిన ఊరు పట్టణం ఆ గడ్డ మీదనే ఉన్నదని సంప్రదాయం. ఇరవై ఏళ్ళు గడవకముందే ఆ దేశం రెండు మహాయుద్ధాలనూ, వాటి నడుమ పన్నెండేళ్ళకు పైగా ఆర్థిక ఆంక్షలనూ చవిచూసింది.

దురాక్రమణ నిజమే

1990 ఆగస్టు 2న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుసేన్ తన సైన్యాన్ని పొరుగుదేశమైన కువైట్ మీదకు పంపి ఆక్రమించాడు. ఈ వార్త మనకు దూరపు వార్త కాదు. కడప జిల్లా నుండి, గోదావరి జిల్లాల నుండి పొట్టకూటి కోసం కువైట్ వెళ్ళిన మనవాళ్ళు ఎందరో ఆనాడు అక్కడ చిక్కుబడ్డారు. భారతీయులు వేలకు వేలుగా ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకోగా, ఎయిర్ ఇండియా విమానాలు 1,70,000 మందికి పైగా స్వదేశానికి చేర్చాయి. కనుక దురాక్రమణ అబద్ధమని ఎవరూ చెప్పజాలరు. అంతకుముందే, 1988 మార్చిలో, అదే సద్దాం ప్రభుత్వం హలబ్జా పట్టణం మీద విషవాయువులు ప్రయోగించి వేలాదిమంది కుర్దు జాతి ప్రజలను చంపింది.

అయితే ఆనాడు సద్దాం ఇరాన్‌తో యుద్ధం చేస్తున్నాడు. ఇరాన్ అంటే గిట్టని పాశ్చాత్య ప్రభుత్వాలు అతనికి అండగా ఉన్నాయి. హలబ్జా ఘోరం తర్వాత కూడా ఆ స్నేహం తెగిపోలేదు. మిత్రుడిగా ఉన్నంతకాలం కనబడని క్రూరత్వం, శత్రువైన మరునాడే ఎలా కనబడిందని వామపక్ష విమర్శకులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి సరైన జవాబు ఇంతవరకు రాలేదు.

1991 జనవరి 17న అమెరికా నాయకత్వాన సంకీర్ణ సేనలు దాడి మొదలుపెట్టాయి. దానికి రెండు రోజుల ముందే జగద్గురువులు రెండవ జాన్ పాల్ పోపుగారు అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్‌కూ, సద్దాం హుసేన్‌కూ విడివిడిగా లేఖలు రాసి, ఆఖరి ఘడియలోనైనా ఆగమని వేడుకున్నారు. ఇద్దరూ వినలేదు. ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమీరియా ఆశ్రయం మీద బాంబులు పడి, లోపల తలదాచుకున్న నాలుగు వందల మందికి పైగా పౌరులు కాలిపోయారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. కువైట్ విముక్తి పొందింది. ఆంబోతులు కుమ్ముకుంటే మధ్యన లేగదూడలు నలుగుతాయని మన పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే.

తుపాకీ పేలని యుద్ధం

యుద్ధం ముగిసినా ఆంక్షలు ముగియలేదు. 1990 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి విధించిన ఆర్థిక ఆంక్షలు 2003 మే నెల వరకు కొనసాగాయి. బాంబులకంటే ఆంక్షలు మేలు కదా అని చాలామంది సజ్జనులు అనుకున్నారు. రక్తం చిందదు, పట్టణాలు కూలవు, నిరంకుశుడు మాత్రం లొంగుతాడు అని వారి ఆశ.

జరిగినదేమిటి? యుద్ధంలో విద్యుత్ కేంద్రాలు దెబ్బతిన్నాయి. కరెంటు లేనిదే నీటి పంపులు నడవవు, మురుగునీరు శుద్ధికాదు. పంపుల విడిభాగాలు, నీటిలో కలిపే క్లోరిన్ వంటివి ఆయుధాల తయారీకి కూడా పనికివస్తాయన్న అనుమానంతో అనుమతులు ఆలస్యమయ్యేవి. మందులకు మినహాయింపు ఉంది. కాని చమురు అమ్ముకోలేని దేశానికి వాటిని కొనే డబ్బు ఎక్కడిది? మురికినీరు తాగిన పసిపిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. సద్దాం అంతఃపురాలలో మాత్రం దేనికీ లోటు రాలేదు. చమురు అమ్మి ఆహారం, మందులు కొనుక్కోవచ్చునని 1991లోనే సమితి ఒక మార్గం చూపితే అతడు తిరస్కరించాడు. 1996 చివరికిగాని అటువంటి ఏర్పాటు అమలులోకి రాలేదు.

1996 మే నెలలో అమెరికాలో ఒక టెలివిజన్ కార్యక్రమం జరిగింది. ఆనాడు సమితిలో అమెరికా రాయబారిగా ఉన్న మాడెలిన్ ఆల్‌బ్రైట్‌ను విలేఖరి ఒక ప్రశ్న అడిగింది. ఆంక్షల వల్ల ఐదు లక్షల మంది పిల్లలు చనిపోయారని విన్నాము, ఇంత వెల తగినదేనా అని. అది చాలా కష్టమైన నిర్ణయమేననీ, అయినా ఆ వెల తగినదేనని తాము భావిస్తున్నామనీ ఆమె జవాబిచ్చింది. ఈ జవాబు ప్రపంచమంతా పాకింది. ఆమె 2003లో ప్రచురించిన ఆత్మకథలో ఆ మాట అనకుండా ఉండవలసిందని పశ్చాత్తాపపడింది.

ఇక్కడ సత్యం పట్ల మనకున్న బాధ్యతను మరచిపోకూడదు. ఐదు లక్షలన్న ఆ సంఖ్య నిజం కాదు. సద్దాం ప్రభుత్వం చేతి కింద సేకరించిన లెక్కల్లో మరణాలను ఎంతో పెంచి చూపారని తర్వాతి సర్వేల వలన తేలింది. ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధసాక్ష్యాన్ని నిషేధిస్తుంది. యుద్ధాన్ని ఖండించేవారికి ఆ ఆజ్ఞ నుండి మినహాయింపు లేదు. ఆ అంకెను ఈనాటికీ వల్లించే విమర్శకులు తమ న్యాయమైన వాదాన్ని తామే బలహీనపరుస్తున్నారు.

అయినప్పటికీ ఆ జవాబులోని దోషం అంకె మారినందువల్ల మాసిపోదు. ఆమె అంకెను కాదనలేదు. అంతమంది చనిపోయారనే అనుకుని, ఆ వెల సరైనదే అన్నది. పాఠకులారా, ఆ వెల ఆమె చెల్లించినది కాదు. బాగ్దాద్‌లోనో, బస్రాలోనో ఒక తల్లి తన ఒడిలోని బిడ్డతో చెల్లించినది. ఆ తల్లిని ఎవరూ అడగలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్న సామెత ఇటువంటి సందర్భంలోనే పుట్టి ఉంటుంది. ఇరాక్‌లో సమితి సహాయ కార్యక్రమాన్ని నడిపిన డెనిస్ హాలిడే 1998లోనూ, ఆయన స్థానంలో వచ్చిన హాన్స్ వాన్ స్పోనెక్ 2000లోనూ ఇందులో తాము భాగస్తులం కాలేమని పదవులు వదులుకున్నారు.

ఉదారవాదుల ప్రశ్న కూడా వినాలి

ఇంతవరకు చదివినవారు వామపక్షానిదే పైచేయి అనుకోవచ్చు. కాని రెండవ ప్రశ్నను తోసివేయడం అంత తేలిక కాదు.

1994లో ఆఫ్రికాలోని రువాండాలో దాదాపు నూరు రోజుల్లో సుమారు ఎనిమిది లక్షల మందిని, ముఖ్యంగా టుట్సీ జాతివారిని, నరికి చంపారు. కతోలికులు అధిక సంఖ్యలో ఉన్న దేశమది. ఆశ్రయం కోరి దేవాలయాల్లో చేరినవారిని దేవాలయాల్లోనే చంపారు. అటువంటి సమయంలో భద్రతామండలి అక్కడున్న తన శాంతిసేనను పెంచవలసింది పోయి, కొన్ని వందలకు తగ్గించింది. మరుసటి ఏడు, 1995 జూలైలో, బోస్నియాలోని స్రెబ్రెనికాలో సమితి సురక్షిత ప్రాంతంగా ప్రకటించిన చోటనే సుమారు ఎనిమిది వేల మంది ముస్లిం పురుషులను, బాలురను సెర్బు సేనలు చంపివేశాయి. అక్కడ ఏ అగ్రరాజ్యమూ దురాశతో చొరబడలేదు. ఎవరూ రాకపోవడమే అక్కడ జరిగిన పాపం.

శ్రీసభ ఈ ప్రశ్నను దాటవేయలేదు. యుద్ధాన్ని అంతగా వ్యతిరేకించిన రెండవ జాన్ పాల్ పోపుగారే 1992 డిసెంబరులో రోము నగరంలో జరిగిన పోషకాహార మహాసభలో మాట్లాడుతూ, ఒక జాతి ప్రజల మనుగడకే ముప్పు వచ్చినప్పుడు మానవతా దృష్టితో జోక్యం చేసుకోవడం అంతర్జాతీయ సమాజానికి కర్తవ్యమని బోధించారు. మంచి సమరీయుని కథలో పక్కనుండి తప్పుకుపోయిన యాజకుడు ఎవరినీ కొట్టలేదు. అయినా ప్రభువు అతణ్ణి మెచ్చుకోలేదు.

వామపక్ష విమర్శలో మరో లోపం కూడా ఉంది. కొందరి కళ్ళకు పాశ్చాత్య బాంబుల వల్ల చనిపోయినవారే కనబడతారు. 1956లో బుడాపెస్టు వీధుల్లోకి, 1968లో ప్రేగ్ నగరంలోకి సోవియట్ ట్యాంకులు వచ్చినప్పుడు, 1979లో అఫ్ఘనిస్థాన్‌లోకి సోవియట్ సైన్యం దిగినప్పుడు నోరు మెదపని మేధావులు ఉన్నారు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తినప్పుడూ తప్పంతా పడమటివారిదేనని నెట్టివేసినవారు ఉన్నారు. మనకు నచ్చని ప్రభుత్వం చంపినవారిని మాత్రమే లెక్కించడం న్యాయదృష్టి కాదు.

పదిహేను వేల అడుగుల ఎత్తు నుండి

సరే, జోక్యం చేసుకోవాలి. ఎలా? ఇక్కడే ఉదారవాదులు తడబడతారు.

1999 మార్చి 24న నాటో కూటమి, భద్రతామండలి అనుమతి లేకుండానే, కొసావోలోని అల్బేనియన్లను కాపాడతామంటూ యుగోస్లావియా మీద విమానదాడులు మొదలుపెట్టింది. 78 రోజులు సాగిన ఆ దాడుల్లో విమానాలు చాలావరకు పదిహేను వేల అడుగులకు పైనే ఎగిరాయి. కింది నుండి పేల్చే తుపాకులు అందకుండా విమాన చోదకులను కాపాడుకోవడం అందుకు కారణం. శత్రువు చేతిలో నాటో సైనికుడు ఒక్కడు కూడా చనిపోలేదు. కింద మాత్రం, మానవ హక్కుల పరిశీలకుల అంచనా ప్రకారం, సుమారు ఐదు వందల మంది పౌరులు చనిపోయారు. గ్రదెలిట్సా వద్ద వంతెన దాటుతున్న ప్రయాణికుల రైలు మీద కూడా బాంబు పడింది. అమెరికా పండితుడు నోమ్ చోమ్‌స్కీ వంటి వామపక్ష విమర్శకులు ఆ ఏడే దీనిని తీవ్రంగా ఖండించారు. తరిమివేయబడిన లక్షలాదిమంది అల్బేనియన్లు ఇళ్ళకు తిరిగివచ్చారన్నదీ నిజమే. ఈ రెండు నిజాలనూ కలిపి చూడడం కష్టం. అయినా చూడాలి.

ఆ ఎత్తును గురించి ఆలోచించండి. బలహీనుణ్ణి కాపాడడానికి వచ్చినవాడు తన ప్రాణాన్ని పణంగా పెట్టడా? రువాండాలో పదిమంది బెల్జియం శాంతి సైనికులు తమ బాధ్యతలో ఉన్న ప్రధానమంత్రిని కాపాడబోయి హతులయ్యారు. ఇదీ జోక్యమే. కాని ఇక్కడ వెల చెల్లించినవారు వేరు.

కైఫా లెక్క, క్రీస్తు లెక్క

యోహాను సువార్త పదకొండవ అధ్యాయంలో ప్రధాన యాజకుడైన కైఫా ఒక లెక్క వేస్తాడు. జాతి అంతా నాశనం కావడంకంటే ఒక్క మనిషి చనిపోవడం మేలని సభలో చెబుతాడు. పైకి అది వివేకంలా కనిపిస్తుంది. అతడు క్రూరుడిలా కాక, ప్రజల క్షేమం కోరే పెద్దమనిషిలాగానే మాట్లాడాడు. కాని అతడు ఇవ్వజూపింది తన ప్రాణాన్ని కాదు, ఇంకొకరి ప్రాణాన్ని. ఆ సభ చంపదలచిన మనిషి మాత్రం తన ప్రాణాన్ని తానే అర్పించాడు. 1941లో ఔష్విట్జ్ నిర్బంధ శిబిరంలో పునీత మాక్సిమిలియన్ కోల్బే గురువులు పెళ్ళాం బిడ్డలున్న ఒక ఖైదీకి బదులుగా మృత్యువుకు నిలబడింది ఆ ప్రభువు అడుగుజాడల్లోనే.

యుద్ధాన్ని గురించిన శ్రీసభ బోధ అంతా ఈ రెండు లెక్కల మధ్య భేదాన్ని గుర్తుంచుకోమనే చెబుతుంది. న్యాయమైన యుద్ధం చేయవలసివచ్చినా వివేకవంతుడు దుఃఖంతోనే చేయాలని పునీత అగస్టీనువారు రాశారు. తగిన అధికారం, న్యాయమైన కారణం, మంచి ఉద్దేశం మూడూ ఉండాలని పదమూడవ శతాబ్దంలో పునీత తోమా అక్వీనాసువారు వివరించారు. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం ఇంకా స్పష్టం చేసింది. దురాక్రమణ వల్ల కలిగే హాని తీవ్రమైనది, శాశ్వతమైనది, నిశ్చయమైనది అయి ఉండాలి. మిగిలిన మార్గాలన్నీ విఫలం కావాలి. విజయానికి గట్టి అవకాశం ఉండాలి. తొలగించదలచిన చెడుకంటే ఎక్కువ చెడు ఆయుధాల వల్ల కలగకూడదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఈ చివరి నియమాన్ని మనకు చక్కగా బోధపరుస్తుంది. వీటన్నిటికీ పునాదిగా, మేలు కలుగుతుందని చెప్పి కీడు చేయరాదని పునీత పౌలు రోమీయులకు రాసిన లేఖలో హెచ్చరిస్తారు.

2003లో ఈ నియమాలన్నిటికీ పరీక్ష వచ్చింది. ఇరాక్ వద్ద సామూహిక వినాశక ఆయుధాలు ఉన్నాయంటూ అమెరికా, బ్రిటన్ యుద్ధానికి సిద్ధమయ్యాయి. నిరంకుశత్వం అంతమవుతుందని నమ్మి పేరున్న ఉదారవాదులు పలువురు సమర్థించారు. పోపుగారు కార్డినల్ ఎచెగరేగారిని బాగ్దాద్‌కూ, కార్డినల్ పియో లాగిగారిని వాషింగ్టన్‌కూ పంపారు. రెండవ ప్రపంచ యుద్ధాన్ని కళ్ళారా చూసిన తరానికి చెందినవాడిగా యువతకు చెబుతున్నానంటూ మార్చి 16న వణికే గొంతుతో విజ్ఞప్తి చేశారు. మార్చి 20న దాడి మొదలైంది. ఆయుధాలు దొరకలేదు. నిరంకుశుడు పోయాడు, అతనితోపాటు శాంతిభద్రతలూ పోయాయి. తర్వాతి ఏళ్ళలో లక్షకు పైగా పౌరుల మరణాలు నమోదయ్యాయి. యుద్ధాన్ని సమర్థించిన కెనడా మేధావి మైకేల్ ఇగ్నాటియెఫ్ తన అంచనా తప్పని 2007లో బహిరంగంగా రాశాడు.

ఆ వెలలో మన సోదరుల వంతు కూడా ఉంది. 2003కు ముందు ఇరాక్‌లో పది లక్షలకు పైగా క్రైస్తవులు ఉండేవారని అంచనా. ఇప్పుడు మూడు లక్షలకు మించరు. వారిలో ఎక్కువమంది కల్దీయ కతోలికులు. మన ఆదిలాబాదు మేత్రాసనంలోని సీరో మలబారు విశ్వాసులదీ, వారిదీ ఒకే తూర్పు సిరియా ఆరాధన సంప్రదాయం. 2008లో మోసుల్ అగ్రపీఠాధిపతి పౌలోస్ ఫరాజ్ రహోగారిని అపహరించగా, ఆ తర్వాత ఆయన మృతదేహం దొరికింది. 2010 అక్టోబరు 31న బాగ్దాద్‌లోని రక్షణమాత దేవాలయంలో పూజ జరుగుతుండగా ముష్కరులు చొరబడి, ఇద్దరు గురువులతో సహా యాభైమందికి పైగా ప్రాణాలు తీశారు. 2014లో మోసుల్ నగరం క్రైస్తవులు లేక ఖాళీ అయింది.

అయితే ఇక్కడ మనకూ ఒక శోధన ఉంది. క్రైస్తవులు చనిపోయినప్పుడు మాత్రమే చలించి, ఇతరులు చనిపోతే పేపరు తిప్పేయడం. మనం ఎవరిని తప్పుపట్టామో వారి తప్పే అది. 2021 మార్చిలో ఇరాక్ వెళ్ళిన ఫ్రాన్సిస్ పోపుగారు నజఫ్‌లో షియా మతపెద్ద సిస్తానీని కలిశారు. మోసుల్‌లో కూలిన దేవాలయాల నడుమ నిలబడి, ఏ మతంవారని చూడక, యుద్ధంలో హతులైన వారందరి కోసం ప్రార్థించారు.

మనమేం చేయగలం?

ప్రియ పాఠకులారా, బాంబులు వేయాలో వద్దో మనల్ని ఎవరూ అడగరు. కాని యుద్ధాలు ప్రజల ఆమోదంతోనే నడుస్తాయి. ఆ ఆమోదం ఇళ్ళలో, టీవీల ముందు, పిల్లలు వింటుండగా మనం అనే మాటల్లోనే తయారవుతుంది. మన దేశ సరిహద్దుల్లో ఉద్రిక్తత పెరిగిన రోజుల్లో మనం ఏమంటున్నామో ఒక్కసారి గుర్తుచేసుకోండి.

అందుచేత యుద్ధాన్ని ఎవరు సమర్థించినా, ఎవరు ఖండించినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. దీని వెల ఎవరు చెల్లిస్తున్నారు? వారిని ఎవరైనా అడిగారా? నాకు ఇష్టంలేని పక్షాన చనిపోయినవారిని కూడా నేను లెక్కిస్తున్నానా? మొదటి ప్రశ్నను వామపక్షంవారు మనకు నేర్పారు, వారికి కృతజ్ఞత చెబుదాం. ఆపదలో ఉన్నవాణ్ణి విడిచిపోరాదన్న పట్టుదలను ఉదారవాదుల వద్ద నేర్చుకుందాం. మూడవ ప్రశ్న మాత్రం శత్రువులను ప్రేమించమని ఆజ్ఞాపించిన ప్రభువు నుండే వస్తుంది. దానికి జవాబు చెప్పనిదే మొదటి రెండింటికీ నిజాయితీగా జవాబు చెప్పలేము.

వచ్చే ఆదివారం విశ్వాసుల ప్రార్థనలో యుద్ధబాధితుల కోసం ప్రార్థించేటప్పుడు, "బాధితులందరి కొరకు" అని ఒక్క మాటలో ముగించవద్దని విచారణ పెద్దలకు మనవి. ఆ వారం బాంబులు పడిన ఊళ్ళ పేర్లు, రెండు వైపులవీ, చదవండి. ఇళ్ళలో జపమాల చెప్పుకునే కుటుంబాలు ఒక రహస్యాన్ని ఆ ఊళ్ళలోని తల్లుల కోసం సమర్పించండి. సిలువ చెంత నిలబడి తన బిడ్డ మరణాన్ని చూసిన సమాధాన రాజ్ఞి మరియమాత ఆ తల్లుల దుఃఖాన్ని ఎరుగును.